యూలి దాహం

తూకం మీద నుంచి యూలి ఇంకా దిగనేలేదు, నర్సు ‘చ్చ్’ అని నాలుక చప్పరించింది. ఆ చప్పుడుతోనే తల్లి నూరిస్‌కు సంగతి తెలిసిపోయింది. మళ్ళీ ఎక్కువే. శనివారం ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళిన పిల్ల మంగళవారం తిరిగొచ్చేసరికి ఒంట్లో రెండున్నర కిలోల నీరు మోసుకొచ్చింది.

“ఏం తాగావే?” అంది నూరిస్, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా.

“ఏం తాగలేదు.”

“తాగకపోతే ఇదంతా ఎక్కణ్ణించి ఊడిపడింది?”

“నాకేం తెలుసు? ఆ తూకమే పాడైందేమో.”

“నీ ముందు ఎక్కిన పిల్లాడికి బానే చూపించింది తల్లీ,” అంది నర్సు, యూలి చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి నడిపిస్తూ.

యూలికి పన్నెండేళ్ళు. చిన్నప్పుడు పట్టుకున్న జబ్బు నెమ్మదిగా రెండు కిడ్నీలనూ తినేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలిసిస్ యంత్రమే వాటి పని చేయాలి. ఒకసారికీ ఇంకోసారికీ మధ్యలో ఏం తాగినా అది ఒంట్లోనే ఉండిపోతుంది. ముందు పాదాలు ఉబ్బుతాయి, తర్వాత మొహం, ఇంకా పెరిగితే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకని రోజుకొక చిన్న సీసా నీళ్ళు. పాలు, సూపు, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోకే వస్తాయి. బర్రాంకియా లాంటి ఊళ్ళో, మధ్యాహ్నం పూట తారు రోడ్డుకు చెప్పులు అంటుకునే ఎండలో, చిన్న సీసా.

తన కిడ్నీ ఇద్దామంటే నూరిస్ రక్తం కలవలేదు. తండ్రి ఆల్సిదెస్‌కు షుగరుంది. దగ్గరి చుట్టాల్లో ఒకరికి భయం, ఒకరికి బీపీ. ఇక మిగిలింది ఆసుపత్రి వాళ్ళ జాబితా. అందులో పేరు రాయించి ఏడాది దాటింది. ఎప్పుడు పిలుస్తారోనని నూరిస్ ఫోను దూరంగా వదిలి స్నానానికి కూడా వెళ్ళడం లేదు. తలుపు బయట గూట్లో పెట్టి వెళ్తుంది.

పిల్లకు సూదులు గుచ్చి యంత్రం తిప్పాక డాక్టర్ ఓస్పీనో వరండాలోకి పిలిచింది.

“కూర్చోండి నూరిస్.”

“నిలబడే వింటాను డాక్టర్‌గారూ. తిట్లు కూర్చుని తింటే అరగవు.”

డాక్టరు నవ్వలేదు. “వరుసగా నాలుగోసారి ఇది. కిడ్నీ మార్పిడి అయ్యాక జీవితాంతం మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలి. నీళ్ళ దగ్గరే మాట వినని పిల్ల ఆ కిడ్నీని నిలబెట్టుకుంటుందా అని జాబితా చూసే కమిటీలో అడుగుతారు. ఇలాగే సాగితే పేరు కొన్నాళ్ళు పక్కన పెడతారు.”

“అంటే తీసేస్తారా?”

“తీసేయరు. పక్కన పెడతారు.”

“ఆ పక్కన పెట్టిన రోజుల్లోనే కిడ్నీ వస్తే?”

డాక్టరు తిరిగి పిల్ల మంచం వైపు నడిచింది.

ఇంటికి వెళ్ళే బస్సులో యూలి కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక్కసారిగా అంత నీరు లాగేస్తే పిక్కలు పట్టేస్తాయి. నొప్పికి కాలు ముడుచుకుంటోంది, పైకి మాత్రం కిక్కురుమనడం లేదు. మామూలుగా అయితే నూరిస్ ఆ కాలు ఒళ్ళోకి తీసుకుని పిసికేది. ఆ రోజు తీసుకోలేదు. ఒళ్ళు మండిపోతోంది. నేనిక్కడ దీని కోసం ప్రాణం పెడుతుంటే ఇంట్లో ఎవరో చాటుగా గ్లాసులు అందిస్తున్నారు. ఎవరు? ఆలోచన తిరిగి తిరిగి ఒక్క మనిషి దగ్గరే ఆగింది.

ఆ మనిషి రెబోలో పేటలోని వాళ్ళ ఇంటి గుమ్మంలో, ఊగుడు కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. ఆల్సిదెస్ తల్లి దిగ్నా.

“ఏమన్నారు డాక్టర్లు?”

“ఏమంటారు అత్తయ్యా! ఇంట్లో ఎవరో పిల్లకి విషం పోస్తున్నారన్నారు.”

“విషమా!”

“నీళ్ళు. దీనికి విషమూ నీళ్ళూ ఒకటేనని మీకు నేను ఎన్నిసార్లు చెప్పాను?”

దిగ్నా విసనకర్ర ఆపింది. “నన్నంటున్నావా? ఆ దేవుడి మీద ఒట్టు, నా చేత్తో ఒక్క చుక్క ఇవ్వలేదు.”

“మరి గోడలిచ్చాయా?”

“అడుగు, గోడల్ని కూడా అడుగు. నన్నడిగినట్టే అడుగు, సిగ్గుపడి చెప్తాయి.”

సాయంత్రం బస్సు డ్రైవరు ఆల్సిదెస్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్‌కు గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. నీళ్ళ డబ్బా నూరిస్ కుట్టు మిషను కింద, ఆమె కాళ్ళ మధ్యకు చేరింది. ఆమె ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కాబట్టి ఆ డబ్బాకు పగలంతా కాపలా ఉన్నట్టే.

“నాకు దాహమేస్తే?” అన్నాడు ఆల్సిదెస్.

“అడుగు. ఇస్తాను. నా ముందు తాగు.”

“ఇల్లా, జైలా ఇది?”

“జైలే. జైలర్ని నేను. నీకు ఇష్టం లేకపోతే నువ్వు తీసుకో తాళం, రేపు డాక్టరు ముందు నువ్వు నిలబడు.”

ఆల్సిదెస్ తాళం తీసుకోలేదు. వీధిలో వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. “ఏం వదినా, ఫ్రిజ్‌లో బంగారం దాచావా?” అని పక్కింటావిడ, “మా ఫ్రిజ్‌కి కూడా ఒకటి వెయ్యి, మా ఆయన బీర్లు తగ్గుతాయి” అని ఎదురింటావిడ. నూరిస్ ముక్కు చిట్లించి మిషను ఇంకా గట్టిగా తొక్కింది.

గురువారం తూకం చూశారు. మళ్ళీ ఎక్కువే. శనివారమూ అంతే. నూరిస్‌కు పిచ్చెక్కినట్టయింది. తాళం తన మెడలో ఉంది, డబ్బా తన కాళ్ళ దగ్గరుంది, పిల్ల తన కళ్ళెదుట ఉంది. మరి నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి? ఆ శనివారం ఇంటికి వచ్చాక యూలిని రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

“చెప్పు. ఎవరిస్తున్నారు? నీకు ఆ కిడ్నీ అక్కర్లేదా? చావాలనుందా?”

యూలి ఏడవలేదు. తల్లి చేతులు విదిలించుకుంది.

“నువ్వు ఒక్క రోజు ఉండు. నా సీసాతో. ఒకే ఒక్క రోజు. అప్పుడు అడుగు.”

“ఉంటాను. ఏమనుకున్నావు, ఉండలేననా?”

“ఉండలేవు.”

“రేపే. ఆదివారం. చూద్దాం.”

ఆదివారం పొద్దున యూలి తానే రెండు చిన్న సీసాలు కడిగి, నింపి, బల్ల మీద పక్కపక్కన పెట్టింది. నూరిస్ కాఫీ పోసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “అది కూడా సీసాలోంచే పోతుంది.” నూరిస్ కాఫీ కప్పులో సగం తిరిగి గిన్నెలో పోసింది.

పది గంటల వరకు పెద్ద తేడా తెలియలేదు. ఆ తర్వాత కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కరెంటు లేకపోయినా ఎదురింటి వాళ్ళు జనరేటరు పెట్టి మరీ పాటలు మోగిస్తున్నారు. రేకుల కప్పు కింద గాలి కదలడం లేదు. నూరిస్ మిషను దగ్గర కూర్చుంటే చెమట మోచేతుల నుంచి గుడ్డ మీదకు కారుతోంది. మధ్యాహ్నం అన్నంతో సూపు తాగుదామనుకుని సీసా వంక చూసి, మానేసింది. అన్నం గొంతులో ముద్దలా నిలబడింది. మూడు కాకముందే సీసా అడుగంటింది. నాలుక పిడచగట్టుకుపోయి అంగిలికి అతుక్కుపోతోంది. దారం సూదిలోకి ఎక్కించడానికి కొస తడి చేద్దామంటే నోట్లో ఉమ్ము లేదు.

యూలి చాప మీద పడుకుని ఆమెనే చూస్తోంది. తన సీసాలో ఇంకా మూడోవంతు ఉంది.

“నీకు అలవాటైపోయింది కదే,” అంది నూరిస్.

“అలవాటవదమ్మా.”

ఆ మాట నూరిస్‌కు నచ్చలేదు. లేచి తువ్వాలు భుజాన వేసుకుంది. “ఒళ్ళంతా జిడ్డుగా ఉంది. స్నానం చేసొస్తాను.”

ఫోను గూట్లో పెట్టి గొళ్ళెం వేసుకుంది. షవరు తిప్పితే ముందు వేడిగా, తర్వాత కాస్త చల్లగా నీళ్ళు పడ్డాయి. ఆమెకు స్నానంలో పాడుకునే అలవాటు. ఆ రోజూ ఏదో కూనిరాగం తీస్తూనే తల షవరు కింద పెట్టింది. నీళ్ళు నుదుటి మీదుగా, ముక్కు పక్కగా, పెదవుల మీదికి జారాయి. ఎప్పుడు నోరు తెరిచిందో ఆమెకే తెలియదు. తెరిచాక మూయడం ఆమె వల్ల కాలేదు. కొళాయి నీళ్ళు, క్లోరిన్ వాసన, పైపుల్లోని తుప్పు రుచి. గుటకలు వేస్తూ తాగింది. కడుపు బరువెక్కేదాకా తాగింది.

“అమ్మా.” తలుపు అవతల నుంచి యూలి గొంతు.

నూరిస్ టక్కున నోరు మూసింది.

“పాట ఆపేశావేం?”

“ఏం లేదు. సబ్బు రాసుకుంటున్నా.”

“నేను కూడా తాగేటప్పుడు ఆపేస్తాను. రెండూ ఒక్కసారి కుదరవు కదా.”

నూరిస్ షవరు కట్టేసింది. ఈ ఎండల్లో పిల్ల రోజుకు మూడు నాలుగుసార్లు స్నానం చేస్తోంది. శుభ్రత నేర్చుకుందని తానే మురిసిపోయింది. తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా యూలి. మొహమంతా గెలిచిన వెలుగు. అది ఎంతో సేపు నిలవలేదు. గెలవాలన్న తొందరలో తనకున్న ఒక్క దారినీ తానే చెప్పేసుకున్నానని అప్పుడు తట్టినట్టుంది.

“దీనికి కూడా తాళం వేస్తావా?”

నూరిస్‌కు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆమె గడ్డం మీద నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

“వెయ్యను,” అంది. “ఎలా వేస్తానే? స్నానాల గదికి తాళం వేసిన ఇల్లు ఎక్కడైనా ఉందా?”

ఆ సాయంత్రం ఫ్రిజ్ గొలుసు విప్పేసింది. అత్తగారి కుర్చీ దగ్గరికి వెళ్ళి, మాటలు వెతుక్కుంటూ, “మీరు ఇవ్వలేదట అత్తయ్యా. నేను తొందరపడ్డాను” అంది. దిగ్నా వెంటనే క్షమించే మనిషి కాదు. “గోడలు చెప్పాయా?” అని అడిగి, కోడలి మొహం ఎర్రబడేదాకా చూసి, అప్పుడు విసనకర్ర మళ్ళీ ఊపింది.

మంగళవారం నూరిస్ డాక్టర్ ఓస్పీనోకు ఉన్నదున్నట్టు చెప్పేసింది, తాను తాగిన సంగతితో సహా. డాక్టరు ఈసారి నవ్వింది. “దాహం వేసిన మనిషిని దాహం ఆపుకోమని ఎంతసేపని చెప్తాం? ముందు అంత దాహం ఎందుకేస్తోందో చూద్దాం. పిల్ల ఉప్పు తింటోందా?”

“మా ఇంట్లో వంటకి ఉప్పే లేదండీ. మా ఆయన గడ్డి తిన్నట్టు తింటున్నాడు.”

“ఇంకెక్కడైనా?”

ఇంటికి వచ్చి అడిగితే యూలి నేల చూపులు చూసింది. దిగ్నా కూడా నేల చూపులే చూసింది. చివరికి ముసలావిడ దిండు కింద నుంచి గుడ్డలో చుట్టిన చీజ్ ముక్క బయటపడింది. పల్లె నుంచి తెచ్చి అమ్మే గట్టి చీజ్, నాలుక మీద పెడితే ఉప్పురాయే.

“అత్తయ్యా!”

“నీళ్ళిచ్చావా అని అడిగావు. ఇవ్వలేదన్నాను. చీజ్ ఇచ్చావా అని అడిగావా?”

నూరిస్ తల పట్టుకుంది.

“సప్పిడి కూడు తినలేక పిల్ల ఎలా చిక్కిపోయిందో చూడవే. రాత్రి పడుకునేముందు ఇంత ముక్క నోట్లో పెట్టా. నీళ్ళు కాదుగదా, ఏమవుతుందనుకున్నా.”

“ఇంత ముక్క పెడితే అది చెరువు తాగుతుంది అత్తయ్యా!”

అరుచుకున్నారు. దిగ్నా రెండు రోజులు అలిగి కొడుకు చేత తప్ప కోడలి చేత కాఫీ తీసుకోలేదు. కానీ చీజ్ ఆగింది. నూరిస్ నిమ్మరసం పిండిన నీళ్ళు చిన్న చిన్న ముక్కలుగా గడ్డ కట్టించి, సీసా లెక్కలోనే, నాలుక కింద పెట్టుకోమని ఇచ్చేది. స్నానానికి యూలి వెళ్తే నూరిస్ తలుపు బయట కుర్చీ వేసుకుని, “పాడు, నాకు వినబడాలి” అనేది. “సిగ్గు లేదా నీకు, తలుపు దగ్గర కాపలా!” అని లోపల నుంచి యూలి తిట్టేది, తిట్టి పాడేది. పాట ఆగిన రోజులూ ఉన్నాయి. అప్పుడు నూరిస్ తలుపు మీద కొట్టేది. ఒక్కోసారి కొట్టకుండా ఊరుకునేది. తూకం తగ్గింది. మరీ కావలసినంత కాకపోయినా, కమిటీ మాట మళ్ళీ రాలేదు.

అక్టోబరు వానల్లో ఫోను మోగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆకాశం చిల్లుపడినట్టు కురుస్తున్నప్పుడు.

“నూరిస్, ఓస్పీనోని. ఒక కిడ్నీ వచ్చింది. యూలితో పాటు ఇంకో పిల్లాడినీ పిలుస్తున్నాం. రక్తం చూసి ఎవరికి బాగా కలిస్తే వాళ్ళకి. ఇక పిల్లకి ఏమీ పెట్టొద్దు, చుక్క నీళ్ళు కూడా వద్దు. వచ్చేయండి.”

వచ్చేయండి అంటే ఎలా? వాన పడితే వాళ్ళ వీధి వీధిగా ఉండదు, వాగైపోతుంది. గోధుమరంగు నీళ్ళు చెత్తనూ చెట్టుకొమ్మలనూ మోసుకుంటూ గుమ్మాల ముందు నుంచే పరుగెడతాయి. ఎంత పెద్ద కార్లనైనా లాక్కుపోతాయి. ఆల్సిదెస్ ఎక్కడో అవతలి ఒడ్డున బస్సులో ఇరుక్కుపోయాడు. నూరిస్ యూలికి ప్లాస్టిక్ పట్టా కప్పి, అరుగుల మీదుగా వీధి చివరికి తీసుకొచ్చి, అక్కడి మెట్టు మీద నిలబడి ఆ నీళ్ళను బూతులు తిట్టింది.

“దిగవే! ఇవాళే దొరికిందా నీకు? ఏడాది నుంచీ ఏం చేస్తున్నావు?”

“అమ్మా, అది వినదు,” అంది యూలి.

“నువ్వు మాట్లాడకు. తడవకు.”

వాన కాస్త సన్నబడ్డాక ఇసుక లారీ ఒకటి వచ్చి ఒడ్డున ఆగింది. నూరిస్ దానికి అడ్డం పడింది. డ్రైవరు కిటికీ దించి తిట్టబోయి, ఆమె చెప్పింది విని, తలుపు తీశాడు. పెద్ద చక్రాల సగం దాకా నీళ్ళు వచ్చాయి. లారీ ఒకసారి పక్కకు జరిగింది. డ్రైవరు మేరీమాతను తలుచుకున్నాడు. నూరిస్ తలుచుకోలేదు. ముందుకు చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో ఇద్దరు పిల్లల చేతుల నుంచీ రక్తం తీసుకుని వెళ్ళారు. ఇంకో పిల్లాడికి తొమ్మిదేళ్ళుంటాయి. పక్క ఊరు సోలెదాద్ నుంచి తండ్రి ఒక్కడే తీసుకొచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురెదురు బెంచీల మీద రెండు కుటుంబాలు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండడానికి అందరూ నేల వంకే చూస్తున్నారు. అంతలో ఆల్సిదెస్ ముద్దగా తడిసి వచ్చాడు. “ఏమైంది?” అన్నాడు. “ఇంకా ఏం కాలేదు, కూర్చో,” అంది నూరిస్.

డాక్టర్ ఓస్పీనో వచ్చినప్పుడు ఆమె ఎటు వైపు నడుస్తుందోనని నూరిస్ ఆమె కాళ్ళనే చూసింది. వాళ్ళ వైపే నడిచింది. నడిచి, యూలి ముందు కూర్చుంది.

“యూలీ, ఈ కిడ్నీ నీకు కలవడం లేదమ్మా. నీ రక్తం దానితో పోట్లాడుతోంది. పెట్టినా నిలవదు.”

“వాగు వల్ల ఆలస్యమైందనా?” అంది నూరిస్.

“కాదు.”

“అయితే పాత తూకాలు చూశారా? నేనన్నీ చెప్పాను కదా. ఇప్పుడు తగ్గింది కదా.”

“కాదు నూరిస్. రక్తం కలవలేదు, అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

నూరిస్‌కు ఆ మాటే అన్నిటికంటే మంటెత్తించింది. ఎవరి తప్పూ లేకపోతే ఇక ఈ కోపమంతా ఎక్కడికి తీసుకుపోవాలి? అత్త కాదు, మొగుడు కాదు, పిల్ల కాదు, చివరికి ఆ వాగు కూడా కాదు.

సోలెదాద్ మనిషి లేచి వచ్చాడు. టోపీ రెండు చేతుల్లో నలుపుతున్నాడు. “అమ్మా… నాకేమనాలో…”

“వెళ్ళండి. మీ వాడు ఎదురుచూస్తుంటాడు.”

అందులో మర్యాద ఉంది గానీ మంచితనం లేదు. అది ఆయనకూ తెలిసింది. తల వంచి వెళ్ళిపోయాడు.

బయట వాన వెలిసింది. ఆల్సిదెస్ బస్సును డిపోలో అప్పగించి రావాలి, వెళ్ళాడు. తల్లీకూతుళ్ళు స్టాపులో నిలబడ్డారు. యూలి వెనక్కి తిరిగి ఆసుపత్రి కిటికీల వంక చూసింది.

“వాడు చచ్చిపోతే అది నాకిస్తారా?”

నూరిస్ చెయ్యి లేచింది. లేచి, గాల్లో ఆగింది. “అలా అనకూడదు.”

“నువ్వనుకోలేదా?”

స్టాపులో ఇంకో ముసలావిడ ఉంది. వింటోంది. నూరిస్ చెయ్యి దించింది.

“అనుకున్నాను,” అంది. “డాక్టరు నీ ముందు కూర్చున్నప్పుడు అనుకున్నాను. తర్వాత అసహ్యమేసింది.”

“నాకింకా వెయ్యలేదు.”

“వేస్తుందిలే.”

“నాకు వాడంటే మంట. ఆ సూదులంటే మంట. ఆ చిన్న సీసా అంటే మంట. నువ్వు తలుపు దగ్గర కూర్చోవడం అంటే మంట.” గొంతు పెరుగుతోంది. “నాకు నా రక్తమంటే మంట!”

“నాకూ,” అంది నూరిస్. “నాకు ఆ తూకమంటే మంట. ఆ నర్సు నాలుక చప్పరించడం చూస్తే దాని నాలుక పీకెయ్యాలనుంటుంది.”

“మెల్లగా మాట్లాడండమ్మా, నలుగురూ వింటారు,” అంది ముసలావిడ.

“విననివ్వండి!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

యూలి అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి, చీమిడి కారేట్టు ఏడ్చింది. నూరిస్ పిల్లను పొట్టకేసి అదుముకుని నిలబడింది. రెండు బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. మూడోదానిలో ఎక్కారు. ఎక్కే ముందు నూరిస్ సంచిలోంచి ఆ రోజు సీసా తీసి ఇచ్చింది. ఉపవాసం అయిపోయింది కాబట్టి. యూలి గటగటా మొత్తం తాగేసింది. నూరిస్ ఆపలేదు.

తర్వాతి మంగళవారం మళ్ళీ తూకం, మళ్ళీ సూదులు. కొంచెం ఎక్కువే వచ్చింది. నర్సు ఈసారి నాలుక చప్పరించకుండా అంకె రాసుకుంది. డాక్టర్ ఓస్పీనో మంచం దగ్గరికి వస్తే యూలి ఆమె కోటు కొస పట్టుకుంది.

“ఆ అబ్బాయికి ఒంటికి వస్తోందా?”

“వస్తోంది. బాగానే పోస్తున్నాడు.”

“ఎన్ని నీళ్ళు తాగనిస్తున్నారు?”

డాక్టరు అబద్ధం చెప్పలేకపోయింది. “ఎన్ని కావాలంటే అన్ని. కొత్త కిడ్నీకి నీళ్ళు కావాలి. వాడేమో వద్దంటాడు, మేం వెంటపడి బతిమాలుతున్నాం.”

యూలి మొహం గోడ వైపు తిప్పుకుంది.

“వెధవ,” అంది.

నూరిస్ మందలించాలి. మందలించలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, పిల్ల కాలు ఒకటి చేతిలోకి తీసుకుంది. కాసేపటికి గోడ వైపు నుంచే యూలి గొంతు వినిపించింది.

“నాకొచ్చినప్పుడు నేను బతిమాలించుకోను.”

“సరేలే,” అంది నూరిస్, పిక్క పిసుకుతూ. “ముందు ఆ చెయ్యి కదపకు. సూది జారుతుంది.”